రంగూన్ శెట్టి గుమాస్తా

మీ ఊరి బజారులోకి కొత్త మనిషి ఒకడు వచ్చి, ఏ అరుగు చివరో చెక్కపెట్టె దించుకుని, ఎవరి జోలికీ పోకుండా తన పని తాను చేసుకుంటూ కూర్చుంటే, మీరు అతన్ని అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? అబద్ధం చెప్పకండి. ఇక్కడ మీరూ నేనూ తప్ప ఎవరూ లేరు. "నీకేం పని వచ్చు?" అని అడుగుతారా, "నువ్వెవరి మనిషివి?" అని అడుగుతారా?

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. మొన్న కడపలో రైలు దిగి జట్కా ఎక్కాను. జట్కాలో నాతోపాటు కూర్చున్నాయన నా చేతిలోని గొడుగును చూసి, "ఇది మా ఊర్లో బాగు చేయించిన గొడుగు మాదిరి ఉండాదే" అన్నాడు. అవునన్నాను. "ఆయన పోయినాడు సామీ. రంగూన్ శెట్టి గుమాస్తా. పోయిన నెలలో" అన్నాడు.

పోయిన మనిషి తన బతుకులో ఒక్కనాడు కూడా ఎవరి దగ్గరా గుమాస్తాగా ఉండలేదు. రంగూన్ శెట్టి అనేవాడు ఎన్నడూ పుట్టనే లేదు. ఈ రెండు సంగతులు నాకు తెలుసు. ఆ ఊరికి ఈ రెండూ తప్ప మిగతావన్నీ తెలుసు.

ఆయనది మలబారు. మొదటిసారి నేను ఆయన్ను చూసింది కోయిలకుంట్లలో. ఆ రోజుల్లో నేను జిల్లాలు తిరిగి సభల్లో మాట్లాడేవాణ్ణి. నేను మాట్లాడే ఊళ్లలో వానకంటే రాళ్లే ఎక్కువ పడేవి. అందుచేత నా గొడుగు తరచుగా చెడేది. దూదేకుల సాయిబు ఒకాయన పరుపులు కుట్టే అరుగు మీద, దూది కుప్పల పక్కన, పొట్టిగా నల్లగా ఉన్న ఈయన కూర్చుని ఉన్నాడు. చుట్టూ గొడుగులు. నా గొడుగు అందుకుని, ముఖం ఎత్తకుండానే విప్పి చూసి, రెండు ఊచలను వేళ్లతో తడిమి ఆగిపోయాడు.

"ఇది ఎండదెబ్బ గాదు. వానదెబ్బ గాదు. ఏం దెబ్బ సామీ ఇది?"

"దేవుడి దెబ్బ. దేవుడు లేడని చెప్పాను. ఆయన భక్తులు కొట్టారు."

"అయితే ఉండాడన్నమాట."

"ఎవరు? దేవుడా?"

"కాదు సామీ. కొట్టినోడు."

నన్ను సామీ అనవద్దని ఆనాడే చెప్పాను. సరే సామీ అన్నాడు. చివరిదాకా అంతే.

వానలు కురవని సీమకు గొడుగులు బాగుచేసేవాడు ఎందుకొచ్చాడని అడగనివాడు లేడు. కోయిలకుంట్లలో సాయిబు ఆయన్ను మొట్టమొదట అడిగిన మాట కూడా అదేనట. "నీకేం పని వస్తాది?" అన్నాడట సాయిబు. "గొడుగులు బాగు చేస్తా" అన్నాడట ఈయన. "మా ఊర్లో వాన యాడుండాదప్పా?" అంటే, "లేదనే వచ్చినా. మా దేశంలో వాన శానా. ఇంటికొక గొడుగులోడు. వాన ఉన్నచోట మాకు అన్నం ల్యా" అన్నాడట. సాయిబు దూది కుప్పను కొంచెం పక్కకు జరిపాడు. అంతే, దుకాణం మొదలైంది. ఆయన్నెవరూ నీ వెనక ఎవరున్నారని అడగలేదు. ఆయన వెనక దూది ఉంది, అది అందరికీ కనిపిస్తూనే ఉంది.

ఆయన వాదం తప్పు కాదు. వాన గొడుగును తడుపుతుంది, ఆరితే మళ్లీ గొడుగే. మన ఎండ గొడుగు గుడ్డను అప్పడంలాగా వేయిస్తుంది. బాగు చేయడానికి గొడుగు తెచ్చినవాణ్ణి ఆయన మిట్టమధ్యాహ్నం ఆ గొడుగు కిందే నిలబెట్టి, "పైకి చూడప్పా. ఏం కనపడతాండాయి?" అనేవాడు. చిల్లుల్లోంచి సూర్యుడు మెరిసేవాడు. "చుక్కలు" అనేవాడు ఆ మనిషి. "పగలే చుక్కలు చూపించినా గదా, ఇంక గొడుగు ఆడ పెట్టి పో" అనేవాడు ఈయన. ప్రతి గిరాకీతోనూ ఇదే హాస్యం, ప్రతిసారీ అదే నవ్వు. నేను విన్నన్నిసార్లూ నాకు చిరాకు వేసింది. ఇప్పుడు వినాలని ఉంది.

పత్తికొండ సంతకూ, చుట్టుపక్కల తిరునాళ్లకూ చెక్కపెట్టె నెత్తిన పెట్టుకుని పోయేవాడు. పెట్టె కింద పడకుండా రెండు చేతులూ పట్టుకోవాలి గనుక, అన్ని గొడుగులకు ప్రాణం పోసే మనిషి తాను మాత్రం ఎండలోనే నడిచేవాడు. ఒకసారి ఒక మోతుబరి, నా దగ్గర పనికి కుదురు, తిండీ గుడ్డా చూసుకుంటానన్నాడు. ఈయన వద్దన్నాడు. ఎందుకయ్యా అంటే ఆయన చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. "ఆయన గొడుగు పడితే నేను పక్కన నడవాల సామీ. ఆయన ఆగితే ఆగాల. నాకు మూత్రమొస్తే ఎట్ల?"

స్వాతంత్ర్యం గురించి నేను విన్న ఉపన్యాసాలన్నీ కలిపినా ఇంత సూటిగా ఉండవు.

కోయిలకుంట్ల వాళ్లు మహానుభావులని నేను అనడం లేదు. పిల్లి ఎదురొస్తే వాయిదాకు పోవడం మానుకునేవాళ్లు అక్కడా ఉన్నారు. కానీ ఈ ఒక్క మూఢత్వం వాళ్లకు తగులుకోలేదు. నవాబుల కాలం నుంచీ పటాలాలూ, ఫకీర్లూ, పత్తి బేరగాళ్లూ, మంత్రాలయం పోయే యాత్రికులూ వస్తూ పోతూ ఉన్న నేల అది. వచ్చినవాడికి పని వస్తే కూర్చోనిస్తారు, రాకపోతే లేవగొడతారు. కొండ దాటి కడప జిల్లాలోకి దిగితే నేల అదే, ఎండ అదే, జొన్నరొట్టె అదే. మనిషిని కొలిచే కొలతే వేరు. నాకు జట్కాలో కలిసినాయన ఊరు అక్కడే, ఒక బజారు ఊరు. దాని పేరు రాయను. చదివినవాళ్లంతా తమ ఊరే అనుకుంటే మరీ మంచిది. అక్కడ రెండు పెద్ద ఇళ్లు, తూర్పిల్లు, పడమటిల్లు. మంగలి పడమటింటి మంగలి, చాకలి తూర్పింటి చాకలి. వీధికుక్క కూడా ఏదో ఒక ఇంటి కుక్క. ఏ ఇంటిదీ కాని కుక్కకు పిచ్చి ఉందని నమ్ముతారు.

కోయిలకుంట్లలో ఉండగా ఆయన ఒక మగ్గాల ఇంటి పిల్లను పెళ్లి చేసుకున్నాడు. ఆమె పుట్టిల్లు ఈ బజారు ఊళ్లో. ఆమె తల్లికి కళ్లు కనిపించకుండా పోతే మొగుడూ పెళ్లాలు మకాం మార్చి ఇక్కడికి వచ్చారు. ఊచల పని ఆయనది, గుడ్డ కుట్టు ఆమెది. బజారులో చెట్టు లేని చోట, ఎండలో, పెట్టె దించాడు. వచ్చినవాళ్లంతా చుట్టూ నిలబడి చూశారు.

"ఎవరి మనిషివప్పా నువ్వు?"

"నా మనిషినే."

"అది సరేలే. నిన్ను ఈడ ఎవరు పెట్టినారు?"

"నేనే పెట్టుకున్నా."

"అట్లెట్ల? గొడుగు నీకిచ్చినాం అనుకో. నువ్వు రేపు ఎత్తుకొని పోతివి. మేం ఎవర్ని అడగల్ల?"

"నన్నే అడగండప్పా."

"నువ్వు పోయినాక నిన్నెట్ల అడిగేది?"

గుడ్డి ముసలమ్మ అల్లుడన్న మాట ఆ ఊరికి పూచీగా ఆనలేదు. నెల దాటినా ఒక్క గొడుగు రాలేదు. పోలీసుల వేగు అన్నారు. కాంగ్రెసు మనిషన్నారు. ఏదీ కాకపోతే దొంగ అన్నారు. తన కాళ్ల మీద తాను నిలబడ్డ మనిషిని ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. చూసేసరికి, కాళ్ల కింద ఏదో దాచాడని అనుమానించింది. ఇంట్లో గుడ్డి అత్త, గర్భిణి భార్య, ఖాళీ కుండ. ఒకనాడు మళ్లీ ఎవరో అదే ప్రశ్న వేశారు. ఈయనకు విసుగొచ్చింది. ఆ మధ్యాహ్నం రంగూన్ బియ్యం బస్తాల బండి ఒకటి ఎదురుగా పోతూ ఉంది.

"రంగూన్ రామలింగం శెట్టి మనిషిని" అన్నాడు.

"అట్ల చెప్పు మరి!" అన్నారు అందరూ. సాయంకాలానికి ఆయన చుట్టూ గొడుగులు కుప్పలు పడ్డాయి.

తరువాత నేను ఆ ఊరు వెళ్లినప్పుడు ఆయన ఈ కథ చెప్పి కళ్లనీళ్లు వచ్చేట్టు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ శెట్టి ఎంత వేగంగా పెరుగుతాడో అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

పని బాగా కుదిరితే, "శెట్టి ధర్మప్రభువప్పా, మంచి పని చేయిస్తాండాడు" అనేవాళ్లు. ఊచ విరిగితే, "ఈ గుమాస్తా నాకొడుకు శెట్టి పేరు చెడగొడతాండాడు" అనేవాళ్లు. ఈ లెక్క మీరు ఎక్కడో చూసే ఉంటారు. కొబ్బరికాయ కొట్టే చోట చూసి ఉంటారు. పంట పండితే ఆయన దయ, ఎండితే నీ పాపం. ఆ లెక్కను పుస్తకాల్లో విమర్శిస్తూ నేను గొంతు చించుకుంటూ ఉంటే, ఒక గొడుగుల కొట్టులో అది నా కళ్లముందే మొలకెత్తింది.

మామిడికాయల కాలంలో శెట్టికి మామిడికాయలు వచ్చేవి. బెల్లం వచ్చేది. "రంగూన్‌కు పంపించు" అని ఇచ్చేవాళ్లు. ఆయన పంపించానని చెప్పి పెళ్లానికి పంపించేవాడు. శెట్టి కొడుక్కి పిల్లనిస్తామని ఒక ఇంటివాళ్లు జాతకం తెచ్చారు. ఆ శెట్టికి కొడుకు ఉన్నాడని ఈయనకు అప్పుడే తెలిసింది. గంగన్న తాత అని ఒక ముసలాయన, చిన్నప్పుడు శెట్టితో గోలీలాడానని చెప్పడం మొదలుపెట్టాడు. ఎడమ చెవి మీద మచ్చ ఉంటుందట.

"ఆయప్పకు మచ్చ ఉండాదంట సామీ! నాతో ఒక మాటైనా చెప్పల్యా" అన్నాడు ఈయన, పొట్ట పట్టుకుని నవ్వుతూ.

శెట్టి తమ వైపు మనిషని పడమటిల్లు చెప్పుకుంది. కాదు తమవైపని తూర్పిల్లు. ఈయన తన సంపాదనతో నాలుగు గోడలు లేపి కొట్టు కట్టుకున్న రోజున, శెట్టి వస్తే కూర్చోవాలి గదా అని పడమటింటి రెడ్డి టేకు కుర్చీ పంపించాడు. ఆ మరుసటి రోజే తూర్పింటి రెడ్డి దాని మీదికి పట్టు దిండు పంపించాడు. ఆ కుర్చీని కొట్టు నడుమ వేశారు. దానిమీద ఎవరూ కూర్చోకూడదు. కొట్టు కట్టినవాడు నేల మీద, తలుపు పక్కన.

నాకు ఈ సంగతి తెలియదు. నడిచి వచ్చి, అలసి, ఆ కుర్చీలో కూలబడ్డాను. వీధిలో కేకలు పుట్టాయి.

"లేవండి సామీ, లేవండి! శెట్టిది!"

"శెట్టి ఇప్పుడు దీంట్లో లేడు కదయ్యా."

"వస్తే?"

"వస్తే లేస్తాను."

"వచ్చినాక లేస్తే ఏం మర్యాద? రాకముందే లేవల్ల."

పదిమంది పట్టి లేపారు. నేను కోపంతో ఈయన వైపు చూశాను. ఈయన ఎవరికీ కనిపించకుండా నాకు కన్ను గీటాడు. వెంటనే, నేను కూర్చున్న దిండును చేత్తో దులిపి సరిచేశాడు. ఆ దులపడం హాస్యానికి చేశాడో, అలవాటుగా చేశాడో నాకు తెలియలేదు. నాకు ఆనాడే మొదటిసారి భయం వేసింది.

రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. అక్కడున్న మనవాళ్లు అడవులూ కొండలూ దాటి, చావగా మిగిలినవాళ్లు ఇళ్లకు చేరుతున్నారు. ఊరు శెట్టి కోసం ఎదురుచూసింది. రెండిళ్లవాళ్లూ చెరొక పూలదండ పట్టుకుని రైలుకు పోయేవాళ్లు. దండలు వాడిపోయేవి. ఒకసారి మద్రాసు నుంచి వచ్చిన మందుల ఏజెంటు ఒకాయనకు ఎడమ చెవి మీద మచ్చ ఉన్న పాపానికి మేళతాళాలతో ఊరేగింపు జరిగింది. ఆయన తన మందులు అమ్ముడుపోతాయని ఊళ్లో దిగేదాకా నోరు మెదపలేదు.

ఈయన మాత్రం నవ్వడం మానేశాడు. అప్పటికి కూతురు పెద్దదైంది. భార్య పోయింది. ఊచ పనీ గుడ్డ పనీ రెండూ ఆ పిల్లకు చేతికొచ్చాయి. ఒకనాడు గంగన్న తాత కొట్టు ముందు నిలబడి ఆ పిల్లతో, "నేర్చుకుంటే నేర్చుకున్నావు గాని తల్లీ, రేపు శెట్టి కొడుకులొచ్చి మీ నాయన్ను పొమ్మంటే నువ్వు యాడ కుట్టుకుంటావు?" అన్నాడు, ప్రేమగానే. ఈయన పనిముట్లు కింద పెట్టాడు. వీధిలోకి వచ్చి అందరికీ వినబడేట్టు చెప్పాడు.

"అప్పల్లారా, శెట్టి లేడు. నేనే చెప్పినా అబద్ధం. ఈ కొట్టు నాది. నా తరువాత నా కూతురిది."

ఊరు ముందు నవ్వింది. తరువాత మండిపడింది. యజమాని బాంబుల్లో చిక్కి ఎటు పోయాడో తెలియని సమయం చూసి, కొట్టు మింగాలని చూస్తున్నాడు! పంచాయితీ పెట్టారు. ఈయన నాకు కబురు చేశాడు. లేనివాణ్ణి లేడని చెప్పడంలో నాకంటే అనుభవం ఉన్న సాక్షి ఈ రెండు జిల్లాల్లో ఇంకెవరు? ఎగురుకుంటూ పోయాను.

పంచాయితీ కొట్టు ముందే జరిగింది. కుర్చీని బయటికి తెచ్చి, పెద్దల నడుమ వేశారు. ఎండ తగలకుండా దానికి గొడుగు పట్టారు. ఆ గొడుగు ఈయన బాగుచేసిందే. ఈయన ఎండలో నిలబడ్డాడు. నేను గంటసేపు మాట్లాడాను. నా బతుకులో అంత గొప్పగా ఎన్నడూ మాట్లాడలేదు. ముగించాక పడమటింటి రెడ్డి నెమ్మదిగా అడిగాడు.

"సామీ, మీరు దేవుడు గూడా లేడంటారంట?"

"అంటాను."

"ఎప్పట్నుంచీ?"

"బుద్ధి తెలిసినప్పటినుంచీ."

"చూసినారా అప్పా" అన్నాడాయన సభవైపు తిరిగి. "దేవుణ్ణే ఒప్పుకోని మనిషి, శెట్టిని యాడ ఒప్పుకుంటాడు?"

నా సాక్ష్యం అక్కడికక్కడే కొట్టుకుపోయింది.

"శెట్టిని ఎవరైనా చూశారా?" అని నేను అరిచాను.

"నేను చూసినా" అన్నాడు గంగన్న తాత. "ఎడమ చెవి మీద మచ్చ."

"ఉన్నాడని చెప్పేకి తాత ఉండాడు" అన్నాడు తూర్పింటి రెడ్డి. "లేడని నువ్వు చూపించు. యాడ లేడో చూపించు. పోయి చూసొస్తాం."

తరతరాలుగా ఒకరి ముఖం ఒకరు చూడని ఆ రెండిళ్లవాళ్లు ఆ రోజు పక్కపక్కన కూర్చుని ఒకే తీర్పు చెప్పారు. శెట్టి ఆస్తిని ఇద్దరూ కలిసి కాపాడతారు. గుమాస్తా ఈసారికి క్షమించబడ్డాడు. బుద్ధిగా పని చేసుకోవాలి. రోజూ కొట్టు తెరవగానే కుర్చీకి దండం పెట్టాలి.

ఈయన నా వైపు చూశాడు. కుర్చీ వైపు చూశాడు. చేతులు జోడించి, "శెట్టి ఎట్ల చెప్తే అట్ల" అన్నాడు. సభంతా సంతోషించింది.

నేను ఆయన్ను వీధి మలుపులో పట్టుకున్నాను. "ఎందుకు ఒప్పుకున్నావు? ఇంకాసేపు వాదించి ఉంటే..."

"మీకు ఇంకో ఊర్లో ఇంకో సభ ఉండాది సామీ" అన్నాడు. "నాకు ఈ ఊర్లోనే గొడుగులు ఉండాయి." నడుస్తూనే, "అయినా ఆయప్పను పుట్టించింది నేనే గదా. పెంచింది మాత్రం నేను గాదు. ఇంతమంది పెంచినోణ్ణి నేనొక్కణ్ణి ఎట్ల చంపేది?" అన్నాడు.

ఆ తరువాత నేను ఆయన్ను చూడలేదు.

జట్కాలో వార్త విన్నాక నా పని వదులుకుని ఆ ఊరు పోయాను. కొట్టుకు రెండు తాళాలు వేసి ఉన్నాయి, ఒకటి తూర్పింటిది, ఒకటి పడమటింటిది. శెట్టి వారసులు వచ్చేదాకా తీయరట. తలుపు సందులోంచి చూశాను. కుర్చీ మీద దిండు శుభ్రంగా ఉంది. లోపల ఆయన పనిముట్లు, సగం కుట్టిన గొడుగులు.

ఎదురుగా, చెట్టు లేని చోట, మొదట ఆయన పెట్టె దించిన ఆ జాగాలోనే, ఆయన కూతురు కూర్చుని ఉంది. ముందు ఆ పాత చెక్కపెట్టె. అందులో ఒక సూది, ఒక పట్టకారు. చుట్టూ ఒక్క గొడుగు లేదు. నేను చూస్తుండగానే ఒకాయన చంకలో విరిగిన గొడుగుతో ఆగాడు.

"ఇప్పుడు నువ్వు ఎవరి మనిషివమ్మా?"

"నా మనిషినే."

ఆయన తల ఆడించి, గొడుగుతో సహా వెళ్లిపోయాడు.

"ఏదో ఒక శెట్టి పేరు చెప్పరాదా తల్లీ, పూట గడుస్తుంది" అన్నాను. అవును, నేనే అన్నాను, దేవుళ్లను కూలదోసే నేనే. ఆ పిల్ల నా గొడుగు తీసుకుని విప్పి, నన్ను దాని కింద నిలబెట్టి, "పైకి చూడండి సామీ" అంది. చుక్కలు కనిపించాయి.

ఆ ఊళ్లో పదిమందిని నిలబెట్టి పోయినాయన పేరు అడిగాను. రామలింగం శెట్టి పేరు అందరికీ తెలుసు. శెట్టి కొడుకుల పేర్లు కూడా ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఊరి గొడుగులన్నీ బాగుచేసిన మనిషి పేరు ఒక్కరికీ తెలియదు. నాకు తెలుసు. ఇక్కడ రాయను. రాస్తే మీరు దాని తోక పట్టుకుని కులం లాగుతారు, ఊరు లాగుతారు, ఎవరి మనిషో సాయంకాలానికల్లా తేల్చేస్తారు.

ఆ రెండు తాళపుచెవులు దాచుకున్న పెద్దలారా, ఇది మీ చేతికి వస్తుందని నాకు తెలుసు. పోయి ఆ తలుపు తీయండి. కుర్చీ బయట పారేయండి. మిగతావాళ్లు ఇంట్లో మూలనున్న విరిగిన గొడుగు తీసుకుని ఆ పిల్ల దగ్గరికి నడవండి. ఎవరి మనిషివని అడగకండి. గొడుగు ఆమె చేతిలో పెట్టండి. పెట్టాక, ఆమె తండ్రి పేరేమిటో అడగండి.